కిటికీలో ఆర్కిడ్

ముందటేడాది వరలక్ష్మీ వ్రతానికి మా అమ్మాయి తన మొదటి జీతంతో నాకు చీర తెస్తుందనుకున్నాను. బెంగుళూరు నుంచి జాగ్రత్తగా ఒళ్లో పెట్టుకుని అది తెచ్చింది ఓ పూలకుండీ! నాలుగు దళసరి ఆకులు, పొడవాటి కాడకి సీతాకోకచిలుకలు వాలినట్టు వరసగా ఊదారంగు పూలు. ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ అట. "చీరలు నీకు బోలెడున్నాయి కదమ్మా. దీన్ని చూసినప్పుడల్లా నేను గుర్తుకు రావాలి" అంది.

దాన్ని నేనెంత బాగా చూసుకున్నానో చెప్తే నవ్వుతారు. కుండీలో ఒట్టి బొగ్గు, బెరడు ముక్కలే ఉంటే 'అయ్యో, మట్టయినా లేదు' అని జాలిపడి, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపిన కుండీలోకి మార్చేశాను. తులసమ్మకి పోసినట్టే రోజూ చెంబుడు నీళ్లు. మధ్యమధ్యలో బియ్యం కడిగిన నీళ్లు. దీపావళికల్లా పూలు రాలి, ఆకులు పసుపుపచ్చగా మెత్తబడ్డాయి. నీళ్లు చాలడం లేదేమోనని ఇంకో చెంబు పోశాను! అమ్మాయి ఫోన్ చేసి "నా మొక్కెలా ఉందమ్మా?" అంటే "బ్రహ్మాండంగా ఉందే" అని అబద్ధమాడాను.

మావారు పారేయమన్నారు. మనసొప్పక దగ్గర్లోని నర్సరీకి పట్టుకెళ్లాను. అక్కడి పెద్దాయన చూసి "అమ్మా, ఇది ఎండి చావట్లేదు. నీళ్లెక్కువై కుళ్లిపోతోంది" అన్నాడు.

ఆయన చెప్పాకే తెలిసింది. ఈ రకం ఆర్కిడ్లు అడవిలో మట్టిలో పెరగవు, చెట్ల కొమ్మల్ని కరుచుకుని పెరుగుతాయి. అలాగని మామిడిచెట్టు మీది బదనికలా చెట్టు రసం పీల్చవు. వాన పడితే వేళ్లు తడుస్తాయి, గాలికి మళ్లీ ఆరిపోతాయి. ఆ ఆరడమే వాటికి ప్రాణం.

ఇంటికొచ్చి మట్టంతా కడిగేశాను. స్టవ్ మంట మీద కాల్చి చల్లార్చిన కత్తెరతో, కుళ్లి మెత్తబడిన వేళ్లు తీసేశాను. కోసిన చోట మాత్రం బూజు పట్టకుండా దాల్చినచెక్క పొడి అద్దాను. గట్టి వేళ్లు మూడే మిగిలాయి. చిల్లులెక్కువున్న కుండీలో బొగ్గు, ఇటుక ముక్కలు, నాలుగు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టిన కొబ్బరి డొక్క ముక్కలు వేసి నిలబెట్టాను.

మీరూ పెంచాలనుకుంటే ఇవి గుర్తుంచుకోండి.

వెలుతురు: తూర్పు కిటికీ మంచిది. పొద్దుటి లేత ఎండ చాలు. మధ్యాహ్నపు ఎండ తగిలితే ఆకులు కాలిపోతాయి, పల్చటి తెర వేయండి.

నీళ్లు: వేళ్లు చూసి పోయండి. పచ్చగా ఉంటే తడి ఉన్నట్టు, వెండిలా తెల్లబడితే దాహమేసినట్టు. మా హైదరాబాద్‌లో ఎండాకాలం వారానికి రెండు మూడుసార్లు, చలికాలం ఒకసారి పోస్తున్నాను. పొద్దున్నే పోసి, అడుగునుంచి నీళ్లన్నీ కారిపోనివ్వాలి. ఆకుల మధ్య గుంటలో నీళ్లు నిలిస్తే గుడ్డతో అద్దేయండి. ఉప్పు బోరునీళ్లకన్నా వాననీళ్లు మేలు.

ఎరువు: నీళ్లలో కరిగే 19:19:19 ఎరువు, లీటరుకి పావు చెంచా, 15 రోజులకోసారి. బియ్యం కడిగిన నీళ్లు వద్దు, పులిసి బూజు పడుతుంది.

ఎండాకాలం: పళ్లెంలో గులకరాళ్లు పోసి, రాళ్లు మునగకుండా నీళ్లు పోసి, పైన కుండీ పెట్టండి. చుట్టూ తేమ ఉంటుంది. బాగా వేడిగా ఉండే ఊళ్లవాళ్లకి డెండ్రోబియం రకం తేలిక. దానికి వెలుతురు కాస్త ఎక్కువ కావాలి.

పూలు: చలికాలంలో రాత్రిళ్లు కొన్నివారాలు చల్లగా ఉంటేనే పూలకాడ వేస్తుంది. అందుకే ఆ రోజుల్లో కిటికీ పక్కనే ఉంచాలి. పూస్తే మాత్రం రెండు మూడు నెలలు వాడవు.

నా మొక్క ఏడాదంతా రెండే రెండు ఆకులు వేసింది. రోజూ చెంబు పట్టుకోకుండా ఉండటానికి నేను పడ్డ పాట్లు ఆ భగవంతుడికే తెలుసు! మొన్న సంక్రాంతికి ఆకు సందులోంచి పచ్చగా ఓ కాడ తొంగిచూసింది. ఉగాదికి ఐదు పూలు విచ్చాయి.

పండక్కి వచ్చిన అమ్మాయికి జరిగిందంతా చెప్పేశాను. అది పడీపడీ నవ్వి, "నేనూ నా రూములో ఇలాంటివి రెండు చంపేశానమ్మా. నువ్వు బాధపడతావని చెప్పలేదు" అంది. ఈసారి వెళ్లేటప్పుడు ఆవకాయతోపాటు నానబెట్టి ఆరబెట్టిన కొబ్బరి డొక్క ముక్కలు కూడా ఓ సంచీడు కట్టిచ్చాను.