కాషాయమును పేరుగా దాల్చిన వీరుడు



మొన్నటి స్వాతంత్ర్యదినమునకు ముందునాటి సాయంకాలము అమ్రాబాదులోని మా అరుగుమీద బడిపిల్లలు కాగితపు జెండా లంటించుచుండిరి. ఉన్నట్టుండి ఇద్దఱు బాలురకు జగడము పుట్టినది. కాషాయపు పట్టీ వెడల్పుగా నుండవలెనని యొకడు, ఆకుపచ్చది వెడల్పుగా నుండవలెనని వేఱొకడు. పదేండ్ల పసివారి కీ మాట లెవరు నేర్పిరి? అవి పుస్తకములలోనివి కావు. ఇండ్లలో మన నోట జాఱినవే. కసరి వారి నోళ్లు మూయించుట సులభమే. కాని నేను వారి కొక కథ చెప్పితిని. మీకును చెప్పెదను.

మన అమ్రాబాదు నైజాము రాజ్యమున నున్న కాలమది. 1911లో హైదరాబాదు నగరమున ఆబిద్ హసన్ జన్మించెను. అతని తల్లి ఫక్రుల్ హాజియా బేగము. ఆ తల్లి ట్రూప్ బజారులోని తమ యింట విదేశవస్త్రములను మంటలో వేయించి, ఖద్దరు పట్టిన దేశభక్తురాలు. అమ్మ ముంగిట రాజుకొనిన ఆ మంటయే కుమారుని హృదయమున దీపమైనది.

ఇంజనీరింగు చదువుటకై జర్మనీ కేగిన ఆబిద్ హసన్ అచట సుభాషచంద్ర బోసును కలిసికొని, చదువు విడిచి ఆయనకు కార్యదర్శి యయ్యెను. ఆ సైన్యమున హిందువులు, ముస్లిములు, సిక్కులు ఎవరి మతమునుబట్టి వారు వేర్వేఱుగా నమస్కరించుకొనుచుండిరి. అందఱి నోటను పలుకదగిన మాట యొకటి కావలసివచ్చెను. "జైహింద్" అను పలుకును ఆబిద్ హసనే కూర్చెనని చెప్పుదురు. నేడు మన పిల్లలు ప్రార్థన చివర పలుకు మాట అదియే.

1943 ఫిబ్రవరిలో వీరిరువురును జర్మనీలోని కీల్ రేవున జలాంతర్గామి నెక్కిరి. చమురుకంపు నిండిన ఆ యినుపగొట్టములో, సముద్రగర్భమున, శత్రునౌకల కన్నుగప్పి వారాలకొలది ప్రయాణము! ఏప్రిలు చివర, మడగాస్కరు దీవికి సమీపమున, అలలు పోటెత్తుచుండగా రబ్బరు తెప్పమీద జపాను జలాంతర్గామికి మాఱిరి. మే నెలలో సుమత్రా చెంతనున్న సబాంగులో దిగిరి. మఱుసటి యేడు ఇంఫాలు సమరము. వానలు, ఆకలి, రోగములు చుట్టుముట్టగా సైన్యము వెనుదిరుగవలసివచ్చెను. ఆ కష్టములను ఆబిద్ హసనును అనుభవించెను.

యుద్ధానంతరము చెఱ తప్పలేదు. విడుదలయై వచ్చిన పిదప 1948లో స్వతంత్రభారతపు విదేశాంగసేవలో చేరి, డెన్మార్కునకు రాయబారిగా సైతము పనిచేసెను. తుదకు హైదరాబాదు చేరి, 1984లో కన్నుమూసెను.

అసలు కథ యిక చెప్పెదను. ఆ సైనికులలో నొకప్పుడు జెండా రంగును గూర్చి వివాదము పుట్టెనట. హిందువులు కాషాయ మనిరి. ముస్లిములు పచ్చ యనిరి. చివరకు హిందువులు తమ పట్టు తామే సడలించుకొనిరి. వారి ఔదార్యమునకు ఆబిద్ హసను మనస్సు కరగిపోయెను. కాషాయమునకు గుర్తుగా "సఫ్రానీ" యను మాటను తన పేరునకు జేర్చుకొని, తుదివఱకు ఆబిద్ హసన్ సఫ్రానీగనే యుండెను. న్యాయపీఠ మెక్కకయే ఆయన చేసిన తీర్పు ఇది. ఓడినవా రెవరును లేని యిట్టి తీర్పు ఎంత యరుదు!

ఆ పేరు వ్యర్థము కాలేదు. ఆయన తమ్ములన్నల బిడ్డయగు సురయ్యా హసన్ బోసు హిమ్రూ, మష్రూ మొదలగు పాతనేతలను బ్రదికించి, భర్తలను గోల్పోయిన స్త్రీలకు మగ్గములపై జీవనోపాధి కల్పించెను. పిన్నాయన పేరిట సఫ్రానీ స్మారక పాఠశాలను నెలకొల్పెను. ఆమె 2021లో పరమపదించెను.

కథ ముగియగనే పచ్చ కావలెనన్న బాలుడు, "అమ్మా, మఱి ఆయన పచ్చను విడిచెనా?" అని యడిగెను.

"లేదు నాయనా! తనది తనయొద్ద నుంచుకొనియే, ఎదుటివానిదానిని పేరులో జేర్చుకొనెను" అంటిని.

ఇద్దఱును కొంతసే పేమియు ననలేదు. పిమ్మట ఒకడు లోనికి బోయి కొలబద్ద తెచ్చెను. మూడు పట్టీలును సమముగా గొలిచి కత్తిరించిరి.

అమ్మలారా! ఫక్రుల్ హాజియా ముంగిట జరిగినదానిని ఆమె కుమారుడు సప్తసముద్రములు దాటియు మఱువలేదు. మన ముంగిట మన బిడ్డలు ఏమి వినుచున్నారో నేటి రాత్రి దీపము వెలిగించి యొకసారి తలపోయుడు.