ఫొటో వద్దు, ఆది జాకెట్టు పట్టుకెళ్లండి

తెనాలి దగ్గర మా కొలకలూరులో గానీ చుట్టుపక్కల ఏ ఊళ్లో గానీ ఈసారి పెళ్లికెళ్లినప్పుడు వెనక వరసలో కూర్చుని చూడండి. ముందు కూర్చున్న ఆడవాళ్ల వీపుల్లో సగానికి పైగా ఒకేలా ఉంటాయి. పాట్ నెక్, మెడ చుట్టూ జరీ తీగ, నడిమధ్యన ఓ నెమలి, కింద వేలాడే గుత్తులు. పెళ్లికూతురి స్నేహితురాలిదీ అదే నెమలి, అరవై దాటిన మేనత్తదీ అదే నెమలి. ఒక్కో జాకెట్టుకి మూడు వేలో నాలుగు వేలో పోసుంటారు. అంత పోసింది నలుగురిలో విడిగా కనపడాలనే. తీరా చూస్తే నలుగురూ ఒకటే.

ఇందులో బొటిక్‌ల తప్పు తక్కువ, మన తప్పు ఎక్కువ. బొటిక్ అనేది ఉన్నదే ఒక మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని, ఆ మనిషికేది నప్పుతుందో ఆలోచించి కుట్టడానికి. మనం దాన్ని ఫోన్లో బొమ్మ చూపించి నకలు తీయించుకునే జిరాక్స్ కొట్టు చేసిపెట్టాం.

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటాం. ఊరి మధ్య నుంచి పారే కాలవల్నీ ఇక్కడి నాటకాల్నీ సాహిత్యాన్నీ చూసి పెట్టిన పేరే తప్ప బట్టల్ని చూసి పెట్టింది కాదు. అయినా బట్టల దగ్గర ఈ రెండు ప్యారిస్‌లకీ ఓ తేడా ఉంది. ఆ ప్యారిస్‌లో 1858లో చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ అనే ఇంగ్లండ్ మనిషి ఒక కొట్టు పెట్టాడు. అప్పటిదాకా అక్కడి దొరసానులు గుడ్డ తామే కొనుక్కుని, ఎలా కుట్టాలో కూడా తామే చెప్పేవాళ్లు. వర్త్ వచ్చాక గుడ్డ ఆయనదే, డిజైన్ ఆయనదే, గౌను లోపల కుట్టిన పట్టీ మీద పేరూ ఆయనదే. రాణులు సైతం ఆయన చెప్పింది వేసుకున్నారు. మన ప్యారిస్‌లో ఇప్పటికీ గుడ్డ మనదే. మెడ ఎంత లోతుండాలో, చెయ్యి ఎక్కడిదాకా రావాలో చెప్పే మాటా మనదే. అక్కడ రాణులు పోగొట్టుకున్న హక్కు ఇక్కడ షేర్ ఆటోలో తెనాలి వెళ్లొచ్చే మనకుంది. దాన్ని మనం ఊరూ పేరూ తెలియని ఓ ఇన్‌స్టాగ్రామ్ రీలుకి ధారపోస్తున్నాం.

మగవాళ్ల సంగతి ఎప్పుడో తేలిపోయింది. ప్యాంటూ చొక్కా రెడీమేడ్‌కి వెళ్లిపోయాయి. ఒకప్పుడు సంక్రాంతికి నెల ముందే గుడ్డలు తీసుకోవడం ఆపేసే మగ టైలర్లు ఇప్పుడు ప్యాంట్లు పొట్టి చేస్తూ, జిప్పులు మారుస్తూ కూర్చున్నారు. ఆడవాళ్ల జాకెట్టు మాత్రం రెడీమేడ్‌కి అంత తేలిగ్గా లొంగలేదు. భుజం, చంక, ఛాతీ, నడుం, చెయ్యి చుట్టుకొలత, ఇన్నీ ఒకే మనిషికి సరిపోయేలా ఫ్యాక్టరీలో కుట్టడం కష్టం. అందుకే కుట్టుమిషను బతికింది. మారిస్‌పేటలో, చెంచుపేటలో, కొత్తపేటలో ఇంటి ముందు గదికి అద్దాల తలుపు బిగించి, రెండు మిషన్లు, ఓ ఓవర్‌లాక్ మిషను, ఓ నిలువుటద్దం పెట్టుకుని బొటిక్ నడుపుతున్న ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో చాలామంది పెళ్లయ్యాక కుట్టు నేర్చుకుని, ముందు ఇరుగుపొరుగు జాకెట్లు కుట్టి, తర్వాత బోర్డు కట్టినవాళ్లు. నన్నడిగితే ఈ డెల్టాలో గత ఇరవై ఏళ్లలో ఆడవాళ్లు సొంతంగా నిలబెట్టుకున్న వ్యాపారాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది.

మరి అందరి వీపు మీదా ఒకే నెమలి ఎందుకు వాలింది? మగ్గం వర్క్ చేసే గదిలోకి వెళ్లి చూస్తే తెలుస్తుంది. జాకెట్టు గుడ్డని నాలుగు కర్రల చట్రానికి దారాలతో లాగి కడతారు. వేలితో కొడితే మోగేంత బిగువుండాలి. డిజైన్‌ని ముందు బటర్ పేపర్ మీద గీసి, గీత వెంబడి సూదితో సన్నటి చిల్లులు పొడుస్తారు. ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి, కిరసనాయిలులో కలిపిన తెల్ల పొడిని పైన రుద్దుతారు. కాగితం తీస్తే చుక్కల గీతల్లో నెమలి దిగి ఉంటుంది. ఇక పనివాడు ఆరీ సూది తీసుకుంటాడు. పై చెయ్యి పొడుస్తుంది, గుడ్డ కింద ఉన్న రెండో చెయ్యి దారం అందిస్తుంది, సూది కొసనున్న చిన్న కొక్కెం ఆ దారాన్ని పైకి లాగుతుంది. ఒక్కో కుట్టూ అలా పడుతుంది. పూసలు, కుందన్లు, జర్దోసి ఆ తర్వాతి ముచ్చట. బరువైన పనైతే ఒక్క జాకెట్టుకే రోజులు పడతాయి.

పని అయిపోయాక బటర్ పేపర్ని పారెయ్యరు. చుట్టచుట్టి మూలన పెడతారు. ఇంకో పదిమందికి పనికొస్తుంది. మనం ఫోన్లో చూపించే బొమ్మకి దగ్గరగా ఉన్న కాగితం అప్పటికే అక్కడుంటే కొత్తది ఎవరు గీస్తారు? ఎందుకు గీస్తారు? కొత్తగా గీయమని అడిగిన మనిషి లేకపోతే పాత నెమలే ఎగురుతూ ఉంటుంది.

సినిమావాళ్లని చూసి కుట్టించుకోవడం మన దగ్గర కొత్తేం కాదు. ఈ తెనాలి ప్రాంతం నుంచే వెళ్లిన కాంచనమాల 1938లో ‘మాలపిల్ల’తో ఆంధ్రదేశాన్ని ఊపేసింది. ఆమె చేతుల్లేని జాకెట్ల గురించి మా పెద్దవాళ్లు మెచ్చుకోలుగా కొంత, దెప్పుతూ కొంత చెప్పుకునేవాళ్లు. డెబ్భైల్లో వాణిశ్రీ కొప్పు పెట్టని కాలేజీ పిల్ల అరుదు. కాకపోతే అప్పటి అనుకరణలో ఒక సుగుణం ఉండేది. హాల్లో ఒకసారో రెండుసార్లో చూసి, ఇంటికొచ్చి, గుర్తున్నంత మేరకు టైలరుకి చేత్తో చూపించి చెప్పేవాళ్లు. చెప్పింది సగం, అతనికి అర్థమైంది అందులో సగం. మిగతాది తన చేతివాటం, మన ఒంటి కొలత, చేతిలో ఉన్న గుడ్డ కలిసి నింపేవి. అందుకే పది మంది ఒకే హీరోయిన్‌ని చూసి కుట్టించుకున్నా పది రకాలొచ్చేవి. మతిమరుపే మనకి స్టైల్ ఇచ్చింది. ఇప్పుడు ఫోను ఏదీ మరిచిపోనివ్వదు.

మొన్నామధ్య తెనాలిలో ఒక బొటిక్‌లో కూర్చుని ఉండగా ఓ డిగ్రీ పిల్ల తల్లితో కలిసి వచ్చింది. ఫోన్లో ఒక సినిమా తార బొమ్మ తీసి, ‘అక్కా, అచ్చం ఇట్టాగే కావాలి’ అంది. భుజం అంచుదాకా వెడల్పయిన మెడ, వీపంతా ఖాళీ. బొటిక్ ఆవిడ ఏమీ అనకుండా టేపు తీసి పిల్ల భుజం కొలిచింది. తర్వాత నిదానంగా చెప్పింది.

‘ఆమెవి నిటారు భుజాలమ్మా, నీవి జారుడు భుజాలు. ఇంత వెడల్పు పెడితే నిమిషానికోసారి భుజం పైకి లాక్కుంటా ఉండాలి. ఇంక అక్షింతలు ఏ చేత్తో వేస్తావ్?’

తల్లి నవ్వేసింది. ‘చెప్పు తల్లీ, నేను చెబితే వింటదా ఇది’ అంది.

ఆవిడ పిల్లని అద్దం ముందు నిలబెట్టి, చీర కొంగు భుజాన వేసి, చాక్‌పీసుతో పాత జాకెట్టు మీదే గీత గీసి చూపించింది. మెడ రెండు వేళ్లు లోపలికి, వెనక జారకుండా ఒక తాడు, చీర అంచునే కత్తిరించి మోచేతిదాకా చేతులకి. మగ్గం వర్క్ వద్దంది. అంచులోనే జరీ ఉంటే పైన మళ్లీ జరీ ఎందుకంది. వర్క్ వద్దంటే తనకొచ్చే డబ్బులే తగ్గుతాయి, అయినా అంది. పిల్ల ఫోను తిప్పి సంచిలో పెట్టేసుకుంది. ఆ కుట్టే మనిషి నోటి నుంచి రావాల్సిన ఈ నాలుగు మాటల కోసమే మనం బొటిక్‌కి వెళ్లాలి. మనం ఫొటో చూపించి ‘ఇదే కావాలి’ అని తెగేసి చెబితే ఆ మాటలు ఆవిడ నోట్లోనే ఉండిపోతాయి.

గుడ్డ సంగతీ చూద్దాం. మనకి ఓ పక్క మంగళగిరి, ఓ పక్క చీరాల, రెండూ గంట ప్రయాణం. మంగళగిరి నూలు చీరకి, గుడ్డకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఒంటి మీద బుటాలేమీ లేకుండా, అంచున నిజాం బోర్డర్ అనే చిన్న గోపురాల వరసతో గుంట మగ్గం మీద నేస్తారు. ఆ గుడ్డతో కుర్తా కుట్టించుకుంటే మన ఎండలకి అంతకు మించిన ఆఫీసు దుస్తులు లేవు. కుప్పడం చీరలది చీరాల. ఒకప్పుడు చీరాల నుంచి తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకి ఓడలెక్కాయి. నూలుని నూనెతో, ఆముదపు కాయల బూడిదతో నానబెట్టి రంగులద్దిన గుడ్డలవి. ఎక్కడో ఎడారిలో మనుషులు మన గుడ్డని తలకి చుట్టుకుని దర్జాగా తిరిగారు. మనమేమో ఫోన్లో లైవ్ పెట్టినావిడ ‘సింగిల్ పీస్, స్క్రీన్‌షాట్ పెట్టండి’ అనగానే సూరత్ డిజిటల్ ప్రింటు చీరకి డబ్బులు కొట్టేస్తున్నాం. వెయ్యి రూపాయల చీర మీదికి మూడు వేల జాకెట్టు. నాకిది తలకిందుల లెక్కలా ఉంటుంది. చీర ఇరవై ఏళ్లు నిలుస్తుంది, ఒళ్లు మారితే జాకెట్టు మూడేళ్లు.

చేనేతని గుర్తుపట్టడం పెద్ద విద్యేం కాదు. మగ్గం మీద గుడ్డ ముడుచుకుపోకుండా అడ్డంగా ఓ కర్ర బిగిస్తారు. దాని రెండు కొసలకీ ముళ్లుంటాయి. అవి గుచ్చుకున్న సన్నటి చిల్లులు చీర అంచుల వెంబడి వరసగా కనపడతాయి. చేనేత గుర్తు ఉన్న పట్టీ ఉందేమో కూడా చూడండి. అమ్మేవాళ్లని ఏ ఊరి మగ్గమని అడగండి. తెలిసినవాళ్లు ఉత్సాహంగా చెబుతారు, తెలియనివాళ్లు మాట మారుస్తారు.

ఇంకో మాట, బిల్లు. కుట్టిన డ్రెస్సు ఖరీదు రెండున్నర వేల లోపైతే 5 శాతం, దాటితే 18 శాతం జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇదే లెక్క. ఆ పన్ను తప్పుతుందని బిల్లు లేకుండా కొనేస్తాం. రెండు ఉతుకులకే రంగు దిగితే అప్పుడు గోడ మీది బోర్డు చూపిస్తారు, ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని. ఆ బోర్డుని చూసి వెనక్కి రానక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అనుచిత వ్యాపారం. అడిగినా బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. ఫిర్యాదుకి 1915 నంబరుంది. నచ్చకపోతే మార్చమని అడగడం వేరు, లోపముంటే మార్చమనడం వేరు. మొదటిది వాళ్ల మంచితనం, రెండోది మన హక్కు.

హక్కులతో పాటు మన బాధ్యతా ఉంది. శ్రావణం మొదటి శుక్రవారానికి నాలుగు రోజుల ముందు గుడ్డ ఇచ్చి, గురువారం సాయంత్రం నుంచి గంటకో ఫోను చేస్తే ఆ కుట్టు ఎలా వస్తుంది? ఆషాఢంలో డిస్కౌంట్లకని ఎటూ చీరలు కొంటాం. జాకెట్టు గుడ్డ కూడా అప్పుడే ఇచ్చెయ్యండి. సరిగ్గా కుదిరిన ఆది జాకెట్టు ఒకటి పట్టుకెళ్లండి. అది పాతబడి సాగిపోయిందైతే కొత్తగా కొలతలు ఇవ్వండి. ఒళ్లు చేసినా విప్పుకోవడానికి వీలుగా లోపల కుట్టు దగ్గర గుడ్డ వదలమనండి. మగ్గం వర్క్ కావాలనుకుంటే కొత్త కాగితం గీయమనండి. మన చేలో మినుము తీగ, మన పెరటి గన్నేరు, అత్తగారి పెట్టెలో పాత చీర అంచు, ఏదైనా డిజైనే. అన్నిటికీ మించి ఆవిడ ఏదైనా వద్దంటే ఎందుకు వద్దంటోందో ఆగి వినండి.

ఆఖరుగా ఒక్కటి. చీర దగ్గర ఎంత బేరమైనా ఆడండి, అది వ్యాపారం. కుట్టుకూలి దగ్గర, మగ్గం వర్క్ చేసే చేతుల దగ్గర మాత్రం ఆడకండి. చెప్పిన రోజుకి వెళ్లి, చెప్పినంతా ఇచ్చి తెచ్చుకోండి.

— కొలకలూరు కోడలు