చలి వెళ్ళింది, సైకిలు బయటికి తీయండి!

శివరాత్రికి చలి 'శివశివా' అంటూ వెళ్ళిపోతుందని మన పెద్దల మాట. అది వెళ్ళినప్పటి నుంచి ఉగాది దాకా లెక్కవేస్తే నెల రోజులు. రథసప్తమి నుంచి లెక్కవేసుకున్నా రెండు నెలలు లేవు. ఏడాది మొత్తంలో మన వాతావరణం మనిషి మీద దయ చూపించే రోజులు ఇవే. మాది కృష్ణా డెల్టాలో చిన్న పట్నం. ఈ రోజుల్లో ఊరి చివర వంతెన దాటి కాలువగట్టు మీదికి వెళితే, వరి కోసిన మాగాణుల్లో మినుము కాయ నల్లబడుతూ ఉంటుంది. ఆకంతా రాల్చేసిన బూరుగుచెట్టు ఎర్రగా పూసి ఉంటుంది. మామిడితోటల పక్కగా వెళుతుంటే పూత వాసన చాలాదూరం మనతోబాటే వస్తుంది. ఇలాంటి పొద్దుటిపూట నా దగ్గరకొచ్చే వాళ్ళకి చీటీ మీద మందులతోపాటు నేను రాసే మాట ఒకటుంది: సైకిలు.

"సైకిలా? ఈ వయసులోనా డాక్టరుగారూ?" అని నవ్వుతారు. నవ్వేవాళ్ళలో చాలామంది ఒకప్పుడు కాలేజీకి రోజూ పది కిలోమీటర్లు తొక్కినవాళ్ళే! స్కూటరు కొన్న రోజున సైకిలు పెరట్లోకి వెళ్ళింది. పెరట్లోంచి పాత ఇనుప సామాన్లవాడి బండి మీదికి వెళ్ళింది. ఆ తర్వాతే బొజ్జ వచ్చింది, రక్తపోటు వచ్చింది, షుగరు వచ్చింది.

అయితే ఒక షరతు. నేను చెప్పేది పందెం సైకిలు కాదు. బిగుతు దుస్తులు, నల్లకళ్ళజోడు, గడియారంలో వేగం చూసుకోవడం - అవన్నీ కుర్రవాళ్ళ సరదాలు. మీరు మాత్రం నెమ్మదిగా తొక్కండి. ఎంత నెమ్మదిగా అంటే, పక్కన వచ్చే స్నేహితుడితో ఇంటి సంగతులు మాట్లాడుకోగలగాలి, కాని పాట పాడాలంటే మాత్రం ఆయాసం రావాలి. డాక్టర్లు ఎంతో కాలంగా వాడుతున్న కొలత ఇది. దీనికి యంత్రమేమీ అక్కర్లేదు. మాట మధ్యలో తెగిపోతోందంటే వేగం ఎక్కువైందన్నమాట. పాట హాయిగా సాగిపోతోందంటే ఇంకాస్త తొక్కవచ్చు. మామూలు సైకిలు మీద ఇది గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లుగా తేలుతుంది.

అంత నెమ్మదిగా తొక్కితే లాభమేమిటి అంటారా? 70 కిలోల మనిషి ఈ వేగంతో గంటసేపు తొక్కితే సుమారు 280 కేలరీలు ఖర్చవుతాయి. మామూలు నడకకన్నా ఇది కాస్త ఎక్కువే. (తిరుగుదారిలో హోటలు దగ్గర ఆగి ఉప్మా పెసరట్టు లాగిస్తే జమాఖర్చులు అక్కడికక్కడే సరి. ఈ మాట నా స్వానుభవం మీద చెబుతున్నాను.) వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చెయ్యాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పింది. అంటే వారానికి అయిదురోజులు, రోజుకి అరగంట. డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్ ప్రాంతంలో వేలమందిని ఏళ్ళ తరబడి గమనించి 2000లో ఒక పరిశోధన ప్రకటించారు. పనికి సైకిలు మీద వెళ్ళేవారితో పోలిస్తే, వెళ్ళనివారిలో మరణాలు 39 శాతం ఎక్కువగా కనిపించాయి. ఇందులో గొప్పంతా సైకిలుదే అని నేననను, ఒంట్లో బాగున్నవాళ్ళే సైకిలెక్కుతారు కదా! అయినా కొట్టిపారేసే అంకె కాదు.

ఇప్పుడు ఒక సంగతి చెబుతాను. ఇది నా తప్పు గురించి.

కొన్నేళ్ళ క్రితం మా ఊళ్ళో ఒక తెలుగు మాస్టారు రిటైరయ్యారు. ఎనిమిదేళ్ళుగా షుగరు. "రోజూ సైకిలు తొక్కండి మాస్టారూ, మీ మాత్రలు సగం తగ్గిస్తాను" అని ఆశపెట్టాను. ఆయన చెప్పిన మాట వినే రకం. ఒక మాఘమాసపు ఆదివారం ఆరింటికి లేచి, అలవాటు ప్రకారం టిఫినుకు ముందు వేసుకోవలసిన మాత్ర వేసుకున్నారు. టిఫిను తిరిగొచ్చాక తినవచ్చులే అని సైకిలెక్కారు. పొలాలు చూసుకుంటూ, తెలిసిన రైతుల్ని పలకరించుకుంటూ తొమ్మిది కిలోమీటర్లు వెళ్ళారు. తిరిగి వస్తూ లాకుల దగ్గర సైకిలు దిగి నిలబడిపోయారు. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు. పాలబ్బాయి పలకరిస్తే పొంతన లేని సమాధానం చెప్పారట. "మాస్టారు పొద్దున్నే పుచ్చుకున్నారేమో అనుకున్నానండి" అన్నాడు వాడు తర్వాత నాతో. అక్కడ టీ కొట్టు నడిపే ఆవిడ మాత్రం చూడగానే పట్టేసింది. "తాగిందీ కాదు, ఏమీ కాదు. మా ఆయనకీ ఇంతే. షుగరు పడిపోయింది" అని, గ్లాసులో పంచదార కలిపి ఆయనచేత తాగించింది. పావుగంటలో మాస్టారు మామూలు మనిషయ్యారు. పక్కనే నిండు కాలువ. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

తప్పు ఆయనది కాదు. సైకిలు తొక్కమన్నదీ నేనే, మాత్ర రాసిందీ నేనే. రెండూ కలిస్తే ఏమవుతుందో చెప్పనిదీ నేనే! అందుకే షుగరు ఉన్న పాఠకులు ఈ భాగం రెండుసార్లు చదవమని కోరుతున్నాను.

వ్యాయామం చేస్తున్నప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే లాక్కుంటాయి. షుగరు వ్యాధికి సైకిలు మంచిదయ్యేది అందుకే. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు, మీరు అన్నం తిన్నారా లేదా అని చూడకుండా, క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తాయి. ఇంజక్షను సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకపక్క మందు, ఇంకోపక్క కండరం, మధ్యలో ఖాళీ కడుపు - చక్కెర పడిపోక ఏం చేస్తుంది? మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ. కాని ఈ రోజుల్లో రెండు మూడు మందులు కలిపిన మాత్రలు ఎక్కువ. మీ మాత్రల అట్ట మీద ఏమేమి పేర్లున్నాయో ఓసారి చదవండి, లేదా మీ డాక్టరుకి చూపించి అడగండి. అంతేకాని మీ అంతట మీరు మాత్ర మానేసి సైకిలెక్కకండి.

ఇన్సులిన్ గాని, పైన చెప్పిన మాత్రలు గాని వాడేవారు బయలుదేరే ముందు వేలి చివర రక్తపుబొట్టుతో పరీక్ష చేసుకోవడం మంచిది. 90కి తక్కువ ఉంటే ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో తిని, కాస్త ఆగి బయలుదేరండి. 70కి తక్కువైతే ఆ రోజుకి సైకిలు సంగతి మరిచిపోయి, ముందు పంచదార నీళ్ళు తాగండి. ఇన్సులిన్ తొడకు చేసుకుని వెంటనే తొక్కితే మందు త్వరగా రక్తంలో కలుస్తుంది, కనుక ఆ పూట పొట్టకు చేసుకోండి. జేబులో ఎప్పుడూ పంచదారో గ్లూకోజు పొడో పొట్లం కట్టి ఉంచుకోండి. చెమట, వణుకు, గుండెదడ, కళ్ళు మసకలు, ఉన్నట్టుండి చిరాకు - వీటిలో ఏది వచ్చినా దిగిపోయి, మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగి, పావుగంట కూర్చోండి. తగ్గకపోతే మళ్ళీ అంతే తాగండి. తగ్గాక ఏదైనా తినండి. చాక్లెట్లు, నేతి మిఠాయిలు ఇందుకు పనికిరావు. వాటిలోని కొవ్వు చక్కెరను త్వరగా రక్తంలోకి పోనివ్వదు. రక్తపోటుకో గుండెకో అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారికి వణుకూ, గుండెదడా సరిగా తెలియకపోవచ్చు. వారికి చెమటే గుర్తు. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యండి. ఇంకో మాట. ఆదివారం ఎక్కువ దూరం తొక్కితే ఆ రాత్రి నిద్రలో కూడా చక్కెర తగ్గవచ్చు. ఆ రాత్రి భోజనం మానవద్దు.

ఇక గుండె సంగతి. డెల్టాలో దారి చదును, కనుక ఎదురుగాలే మనకు కొండ. తెలంగాణలో, రాయలసీమలో ఉన్నవారికి నిజంగానే ఎగుడుదిగుళ్ళు ఉంటాయి. మోదుగుపూలు చూసుకుంటూ తొక్కుతారు, మిట్ట రాగానే పంతం వస్తుంది. మిట్ట ఎక్కుతుంటే ఛాతీలో బరువుగా, పట్టేసినట్టుగా ఉండి, ఆగితే తగ్గిపోతోందా? దాన్ని గ్యాసు అనకండి. సోడా తాగి త్రేన్చి సరిపెట్టుకున్నవాళ్ళను ఎంతోమందిని చూశాను. అది గుండెకు రక్తం చాలడం లేదని చెప్పే కబురు కావచ్చు. దవడకు, ఎడమచేతికి పాకినా అంతే. షుగరువాళ్ళకు నొప్పే లేకుండా, ఉత్త ఆయాసంగానో చెమటగానో కూడా రావచ్చు. ఆగి కూర్చున్నా కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే ఇంటికి కాదు, నేరుగా ఆస్పత్రికి వెళ్ళండి. మిట్ట దగ్గర దిగి సైకిలు నడిపించుకుపోతే పరువేమీ పోదు!

మోకాళ్ళ నొప్పులవాళ్ళు ముందే భయపడతారు గాని, ఒంటి బరువు సీటు మీద ఉంటుంది కనుక నడకకన్నా సైకిలే చాలామంది మోకాళ్ళకు హాయి. కాని కొడుకు సైకిలు తీసుకుని సీటు ఎత్తు చూసుకోకుండా ఎక్కితే నొప్పి రాక తప్పదు. సీటు మీద కూర్చుని, బాగా కిందికి వచ్చిన పెడలు మీద మడమ ఆనించండి. అప్పుడు కాలు నిటారుగా ఉండాలి. తొక్కేటప్పుడు ముంగాలు ఆనిస్తాం కనుక మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. మోకాలి ముందువైపు నొప్పి వస్తే సాధారణంగా సీటు పల్లమైందని అర్థం, వెనకవైపు వస్తే ఎత్తైందని. గేర్ల సైకిలైతే తేలిక గేరులో చురుగ్గా తిప్పండి, బరువు గేరులో తొక్కకండి.

మగవాళ్ళు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న కూడా ఒకటుంది. సైకిలు తొక్కితే మగతనం తగ్గుతుందా అని. మనం చెప్పుకునే అరగంట, గంట షికార్లకు అలాంటి భయమేమీ అక్కర్లేదు. సీటు కింద మొద్దుబారినట్టు అనిపిస్తే మాత్రం లెక్కచెయ్యండి. నరాలు నొక్కుకుంటున్నాయని దానర్థం. లేచి నిలబడి తొక్కండి, సీటు ముక్కు పైకి లేచి ఉంటే సమంగా దించుకోండి. ఆడపిల్లలు తొక్కకూడదని ఇంకా కొన్ని ఇళ్ళలో అంటుంటారు. అందులో వైద్యపరమైన సత్యం ఏమీ లేదు. నలభై, యాభై దాటిన గృహిణులకు మాత్రం ఒక సలహా. సైకిలు గుండెకు చేసే మేలు ఎముకలకు చెయ్యదు. వారంలో రెండు మూడు రోజులు నడక కూడా పెట్టుకోండి. తరచు కళ్ళు తిరిగేవారు, తూలు ఉన్నవారు సైకిలు ఎక్కవద్దు. కదలని సైకిలు ఇంట్లో పెట్టుకుని తొక్కుకోవచ్చు.

దారి గురించి రెండు ముక్కలు. మంచు విడిచాకే బయలుదేరండి, లారీవాడికి మీరు కనబడరు. హైవే మీదికి వెళ్ళకండి. శిరస్త్రాణం పెట్టుకోండి, వెనక ఎర్రదీపం పెట్టించుకోండి. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు గాలివాటు ఉండేలా దారి ఎంచుకుంటే అలసట తెలియదు. ఈ రోజుల్లో మా వైపు మినుమూ పెసరా రోడ్డు మీదే ఆరబోస్తారు. వాటిమీద చక్రం జారుతుంది, దిగి నడవండి. ఆ నూర్పిడి దుమ్ము ఉబ్బసంవాళ్ళకు పడదు. మందు పీల్చే గొట్టం జేబులో ఉండాలి. కుక్క వెంటబడితే వేగం పెంచకండి. దిగి, సైకిలు దానికీ మీకూ మధ్య ఉంచి నిలబడండి. కరిస్తే సబ్బుతో, ధారగా పోసే నీటితో పావుగంట కడిగి, ఆ రోజే టీకాకు వెళ్ళండి. ఎనిమిదిన్నరకల్లా ఇల్లు చేరండి, ఫాల్గుణం ఎండ అప్పటికే చురుక్కుమంటుంది.

మాస్టారు సైకిలు మానలేదు. ఇప్పుడు రెండు ఇడ్లీలు తిని, మాత్ర వేసుకునే వేళ నేను మార్చి రాసిన ప్రకారం వేసుకుని, చొక్కా జేబులో గ్లూకోజు పొట్లంతో బయలుదేరతారు. లాకుల దగ్గర ఆగి టీ కొట్టావిడకు దణ్ణం పెట్టి, చక్కెర లేని టీ తాగి వస్తారు. మాత్రలు సగానికి తగ్గలేదు గాని, ఒకటి తగ్గించగలిగాను. ఈ ఆదివారం నన్నూ రమ్మని కబురు పెట్టారు. నా సైకిలు చూస్తే రెండు చక్రాలకూ గాలి లేదు. సాయంత్రం షాపుకి పంపించాలి.