పతకము వేరు, పదవి వేరు

భారతీయుడు సిపాయిగా పనికివచ్చును గాని సేనాధికారిగా పనికిరాడని బ్రిటిషు ప్రభుత్వము చిరకాలము వాదించెను. ఆ వాదమునకు 1918 జూలై మాసమున ఫ్రాన్సు దేశపు గగనతలమున పందొమ్మిది యేండ్ల వంగ యువకుడొకడు ప్రత్యుత్తర మొసగెను. అతడే ఇంద్రలాల్ రాయ్.

రాయ్ 1898 డిసెంబరు 2వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. లండనులోని సెంట్ పాల్సు పాఠశాలలో చదువుచుండగా మహాయుద్ధము సంప్రాప్తమయ్యెను. వైమానిక దళమున చేరగోరగా, దృష్టి చాలదని మొదట త్రోసిపుచ్చిరి. అతడు తన మోటారు సైకిలును విక్రయించి, ఆ సొమ్ముతో ప్రసిద్ధ నేత్రవైద్యునిచే మరల పరీక్ష చేయించుకొని, ఆ నిర్ణయమును మార్పించుకొనెను. 1917 జూలైలో అధికారిగా నియుక్తుడయ్యెను. ఆ డిసెంబరులోనే విమానము కూలి తీవ్రముగా గాయపడెను. ఇక ఎగురుటకు తగడని వైద్యులు చెప్పినను వినక, పట్టుబట్టి మరల యుద్ధరంగమునకు పోయి, 1918 జూన్‌లో 40వ దళమున చేరెను.

జూలై 6వ తేదీ మొదలు 19వ తేదీ వరకు, పదునాలుగు దినములలో, అతని లెక్కకు పది విజయములు చేరెను. వానిలో కొన్ని తోటివారితో కలసి సాధించినవి. 22వ తేదీన కార్వాఁ సమీపమున జర్మను విమానములతో పోరుచు నేలకూలెను. సెప్టెంబరులో డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ ప్రకటింపబడెను. ఆ పతకము పొందిన తొలి భారతీయుడతడే.

అతడొక్కడే యనుకొనరాదు. హర్దిత్ సింగ్ మాలిక్, శ్రీకృష్ణ వెలింకర్, ఎరోల్ సేన్ అనువారును ఆ యుద్ధమున విమానములు నడపిరి. మాలిక్‌కు మొదట ప్రవేశము దొరకలేదు. ఫ్రెంచి వారు తనను చేర్చుకొన సిద్ధముగా నున్నారని తెలిసిన పిమ్మటనే ఆంగ్లేయులు తలుపు తెరచిరి. వెలింకర్ మరణించెను, సేన్ శత్రువులకు బందీ యయ్యెను.

పరప్రభువు పక్షమున పోరినవానిని మనమేల స్మరింపవలెనని కొందరు ప్రశ్నింపవచ్చును. ఆ యుద్ధము యొక్క లక్ష్యము అతడు నిర్ణయించినది కాదు. అతడు ఋజువు పరచిన యోగ్యత మాత్రము మనది.

ఆ ఋజువునకు ఫలమేమి? భారత వైమానిక దళము 1932 అక్టోబరు 8వ తేదీన గాని స్థాపితము కాలేదు. అనగా పదునాలుగేండ్ల జాప్యము. దాని ఆధిపత్యము భారతీయుడైన సుబ్రతో ముఖర్జీకి లభించుట 1954 ఏప్రిలులో. స్వరాజ్యము వచ్చిన ఆరేండ్లు దాటిన పిమ్మట.

పతకము ప్రభుత్వమునకు చౌకయైన దానము. మృతునకిచ్చినచో మరింత చౌక. అధికారము అట్టిది కాదు. యోగ్యత లేక మనవారు వెనుకబడిరని ఇప్పటికిని తలచువారు రాయ్ చరిత్రను చదువవలెను. లోపము మనవారి ధైర్యమున లేదు. తలుపునకు గడియ వైచిన చేతిలో నుండెను.