అనుమానమునకు తాకట్టైన సొమ్ము

విజయనగరము–రాయపూరు రైలుమార్గము 1931లో పూర్తియైన నాటినుండియు ఉత్తరాంధ్రమునకును ఛత్తీస్‌గఢులోని బిలాస్‌పూరునకును నడుమ మనుష్యులతోపాటు నగదు కూడ ప్రయాణము చేయుచునే యున్నది. బెంగాల్–నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) కాలమున ఖలాసీపనికిని, గ్యాంగుపనికిని, గుమాస్తాగిరికిని వచ్చి బిలాస్‌పూరు రైల్వే కాలనీలలో స్థిరపడిన తెలుగు కుటుంబములు మూడు నాలుగు తరములుగా ఇచ్చటనే నివసించుచున్నను, శ్రీకాకుళ విజయనగర మండలములలోని పూర్వగ్రామములతో పెండ్లిండ్లచేతను, పొలములచేతను, అప్పులచేతను నేటికిని ముడివడియే యున్నవి. చీటీ పాడి తెచ్చుకొన్న సొమ్మో, పొలమునకు బయానాగా ఇయ్యవలసిన సొమ్మో, ఆడపిల్ల పెండ్లికై కూడబెట్టిన సొమ్మో బట్టల సంచి అడుగున దాచుకొని కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్సు ఎక్కు గృహస్థునకు, ఎన్నికల ప్రకటన వెలువడిన దినము మొదలుకొని, తన కష్టార్జితమే తనపై నేరసాక్ష్యముగ మారునేమో యను భయము పట్టుకొనుచున్నది.

నగదు వెంటనుంచుకొనుట ఈ దేశమున నేరము కాదు; ఇంతకు మించి దగ్గర ఉండరాదని శాసించిన చట్టమును లేదు. అయినను, దొంగసొత్తని అనుమానింపబడిన దానినిగాని, నేరము జరిగెనను శంకకు తావిచ్చు పరిస్థితులలో కనబడిన దానినిగాని ఏ పోలీసు అధికారియైనను స్వాధీనము చేసికొనవచ్చునను నియమము 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 550వ సెక్షనుగా ఉండి, 1973 నాటి కోడులో 102వదియై, 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 106వదిగా కొనసాగుచున్నది. దొరలు పోయిరి, అంకెలు మారినవి. అనుమానము చాలునన్న సూత్రము మాత్రము చెక్కుచెదరలేదు.

ఎన్నికలవేళ ఫ్లయింగ్ స్క్వాడుల జప్తులకు దన్ను ఈ అధికారమే. యాభైవేలు దాటిన పట్టుకొందురని జనమున వ్యాపించిన మాట అర్ధసత్యము. ఎన్నికల సంఘము 2015 మే 29న జారీచేసిన ఉత్తరువు ప్రకారము, అభ్యర్థియో, అతని ఏజెంటో, పార్టీ కార్యకర్తయో ఉన్న వాహనమునగాని, ప్రచారసామగ్రి ఉన్న వాహనమునగాని రూ. 50,000 మించిన నగదు దొరకినచో దానిని జప్తు చేయవలెను. పది లక్షలు మించినను, నేరశంకయు అభ్యర్థులతో సంబంధమును కానరానిచో, జప్తు చేయక ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయవలెను. జప్తు చేసిన ప్రతి ఉదంతమును ముగ్గురు జిల్లా అధికారుల సంఘము తనంత తానుగ పరిశీలింపవలెను; ఎఫ్.ఐ.ఆర్. గాని ఫిర్యాదుగాని లేనిచో, పోలింగు ముగిసిన ఏడు దినములకు మించి ఆ సొమ్ము మాల్‌ఖానాలోగాని ట్రెజరీలోగాని ఉండరాదు.

కాగితముమీద ఇది న్యాయమే. ప్లాట్‌ఫారముమీద దీని రూపు వేరు. ‘పైసా కహాఁ సే లాయే?’ అని సిపాయి గద్దించినపుడు చీటీ సొమ్మునకు రసీదు ఉండదు. బయానా కాగితము ఉన్నను అది తెలుగున ఉండును, తనిఖీ చేయువానికి ఆ లిపి రాదు. ఆయన హిందీలో వ్రాసిన పంచనామా పలాసనుండి వచ్చిన వృద్ధునకు చదువరాదు. రైలు కదలిపోవునను తొందరలో ఏమి వ్రాసిరో తెలియకయే వ్రేలిముద్ర వేయును. తరువాత దరఖాస్తు, వకీలు, సుపుర్ద్‌నామా, జామీను, పేషీకొక ప్రయాణము. 2024లో మార్చి 16న ఎన్నికల నియమావళి అమలులోనికి వచ్చెను. బిలాస్‌పూరులో పోలింగు మే 7న జరిగెను. మార్చి మూడవ వారమున పట్టుబడిన సొమ్ము మే 14 వరకు మాల్‌ఖానాలో మ్రగ్గినను ఆ ఏడు దినముల గడువు దాటినట్లు కాదు. ఈలోగా పెండ్లి ముహూర్తము మాత్రము దాటిపోవును. స్వాధీనమైన వస్తువులు పోలీసుస్టేషనులో పదునైదు దినములకో, మహా అయిన నెలకో మించి పడియుండరాదని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పినది. రాష్ట్రోన్నత న్యాయస్థానము ఈ బిలాస్‌పూరుననే ఉన్నను, ఎనుబదివేల రూపాయలకై దాని మెట్లెక్కగల గ్యాంగుమెన్ ఎందరు?

ఇట్లనుటచే తనిఖీలే వలదని నా వాదము కాదు. 2023 శాసనసభ ఎన్నికలలో ఐదు రాష్ట్రములందు పట్టుబడిన నగదు, మద్యము, విలువైన లోహములు, కానుకలు మొదలైనవాని విలువ రూ. 1,760 కోట్లు దాటినదనియు, అందు తెలంగాణమున రూ. 659 కోట్లనియు, ఛత్తీస్‌గఢున సుమారు రూ. 77 కోట్లనియు ఎన్నికల సంఘము ఆ నవంబరు 20న ప్రకటించినది. ఓటునకు నోటు పంచు విద్యలో తెలుగువారము ఎవ్వరికిని తీసిపోమనుటకు ఈ అంకెలే చాలును. అయితే అది పట్టుకొన్నదాని లెక్క. అందెంత నిరపరాధులదని తేలెను, ఎన్ని దినములకు తిరిగి చేరెను అను లెక్క దాని ప్రక్కన లేనిచో, పట్టుబడినదెల్ల పాపపు సొమ్మే యను భ్రాంతి దేశమున ప్రబలును.

ఈ భ్రాంతి ముదిరినచో ఏమగునో అమెరికా చూపుచున్నది. అచ్చట సివిల్ ఫర్ఫీచరు పద్ధతిలో ముద్దాయి మనిషి కాదు, సొమ్మే. 2006లో ఒక అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పిన వ్యాజ్యము పేరే ‘అమెరికా సంయుక్తరాష్ట్రములు వర్సెస్ 1,24,700 డాలర్లు’. ఆ డబ్బు పట్టుబడిన కారులో మాదకద్రవ్యమేమియు దొరకకున్నను అది ప్రభుత్వపరమైనది. పట్టుకొన్నదానిలో పోలీసులకును వాటా ఉండుటచే ఆశ అధికారమునకు తోడగుచున్నది. ఈ అన్యాయమును సహింపక న్యూమెక్సికో రాష్ట్రము 2015లో ఆ పద్ధతిని రద్దు చేసికొన్నది. మనదేశమున పోలీసులకు అట్టి వాటా లేదు, సంతోషము. కాని నాగరిక సురక్షా సంహితలోని 107వ సెక్షను, నేరార్జితమని తలచిన ఆస్తిని, నేరనిర్ధారణ కాకమునుపే, పదునాలుగు దినముల నోటీసుతో జప్తుచేసి బాధితులకు పంచుటకును, మిగిలినదానిని ప్రభుత్వమునకు చెందించుటకును త్రోవ తీసినది. మోసపోయినవారికి సత్వరముగ సొమ్ము చేర్చుట సదుద్దేశమే. తరువాత కేసు కొట్టివేయబడినచో, పంచివేసిన సొమ్మును ఆ నిర్దోషికి ఎవరు చెల్లింతురు?

యజమాని తెలియని సొత్తును రాజు మూడేండ్లు భద్రపరచి, అడుగవచ్చినవానికి అప్పగింపవలెననియు, దొంగలు హరించినదానిని ప్రజలకు ఇప్పింపవలసిన భారము రాజుదేననియు మనుస్మృతి విధించినది. అందలి ఇతర విషయములతో మనకు ఎంత విరోధమున్నను, సొత్తు విషయమున రాజు కాపరియేగాని సొంతదారు కాడను తలంపు విడువదగినది కాదు. 1978 నాటి 44వ సవరణ ఆస్తిహక్కును ప్రాథమికహక్కుల వరుసనుండి దింపినను, చట్టాధికారము లేక ఎవ్వని ఆస్తియు హరింపరాదని 300ఎ అధికరణము నేటికిని పలుకుచున్నది.

కావున అడుగవలసినవి స్వల్పములు. పంచనామా ప్రయాణికునకు తెలిసిన భాషలో ఇచ్చి, అప్పీలు ఎచ్చట చేసికొనవలెనో దానిపైననే వ్రాయవలెను. జిల్లా సంఘపు గడువును పోలింగు తేదీనుండి గాక, సొమ్ము తీసికొన్న ఘడియనుండి లెక్కించి, మూడు దినములలో కారణము చూపనిచో తిరిగి ఇయ్యవలెను. అపరాధము లేదని తేలినపుడు వడ్డీతో చెల్లింపవలెను. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమే 132బి సెక్షనున, నూటయిరువది దినములు గడచిన పిమ్మట నెలకు అరశాతము వడ్డీని ఒప్పుకొనియుండగా, పోలీసు జప్తునకు ఆ పాటి మర్యాదయు లేకుండుట ఏమి న్యాయము? సర్కారునకు బకాయిపడిన పౌరుడు ఒక్కదినము ఆలస్యమైనను వడ్డీ కట్టుచున్నాడు. పౌరునకు బకాయిపడిన సర్కారునకును అదే నియమము వర్తింపవలెను.