ముదురు మామిడి తోటలపై మా ప్రణాళిక

కాపు తగ్గిందని ముదురు మామిడి తోటను మొదళ్లతో సహా తీసేయడాన్ని మేము వ్యతిరేకిస్తున్నాం. నూజివీడు చుట్టుపక్కల పాత తోటల్లో ఉన్నవి బంగినపల్లి, కలెక్టర్ చెట్లే కాదు. చిన్న రసం, పెద్ద రసం, చెరుకు రసం, కొత్తపల్లి కొబ్బరి కూడా ఉన్నాయి. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, బజారూ ఉంది. దానికి ఢోకా లేదు. మా దిగులు మిగిలినవాటి గురించే. ఇవి అంటు కడుతూ నిలుపుకొచ్చిన రకాలు. టెంక పాతితే తల్లి చెట్టు పండే వస్తుందన్న నమ్మకం లేదు. ఆఖరి చెట్టు అడితికి చేరితే ఏ నర్సరీ ఆ రకాన్ని తిరిగి ఇవ్వలేదు.

ముదురు చెట్టు కాయకపోవడానికి వయసొక్కటే కారణం కాదు. కొమ్మలు కలిసిపోయి లోపలికి ఎండ దిగదు. కాపు చిటారుకు పోతుంది, అక్కడికి మందూ చిక్కమూ అందవు. అందుకే కాయకోతలు ముగిశాక పెద్ద కొమ్మలను 3–4 మీటర్ల ఎత్తులో కోస్తాం. ముందు కింది వైపు గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోస్తే బెరడు చీలదు. కోతకు బోర్డో పేస్టు పూయాలి. గుత్తులుగా వచ్చే చిగుళ్లలో బయటికి సాగే నాలుగైదింటినే ఉంచాలి. బదనికను అంటుకున్న చోటుకు కింద నుంచే తీసేయాలి. వానాకాలంలో జనుము చల్లి పూతకొచ్చాక కలియదున్నుతాం. దసరా దాటాక నీరు ఆపుతాం. అప్పుడు తడిస్తే పూతకు బదులు ఆకు వస్తుంది. పూత విచ్చాక పురుగుమందు కొట్టం, పరాగం చేర్చేది ఈగలూ తేనెటీగలే. తేనెమంచు పురుగును మొగ్గ దశలోనే కనిపెట్టాలి. పిందె బఠాణీ గింజంత అయ్యాక తడులు. కాయను తొడిమతో కోసి సొన కారనిస్తాం, కార్బైడ్ ముట్టం.

కొమ్మలు కోస్తే రెండేళ్లు రాబడి పోతుందంటారు. నిజమే. కానీ కొత్తగా నాటిన అంటు చెప్పుకోదగ్గ కాపుకు రావడానికీ నాలుగైదేళ్లు పడుతుంది. పైగా ఏటా కొన్ని వరుసలే కోస్తే తోటంతా ఒక్కసారి ఖాళీ కాదు, ఎండ పడ్డ నేలలో మినుమో పెసరో వేసుకోవచ్చు. దగ్గర దగ్గరగా నాటే పద్ధతిలో ఎకరానికి ఎక్కువ వస్తుందన్న వాదన బీడు నేలకు సరిపోతుంది; నిలిచి ఉన్న చెట్టును కొట్టడానికి అది కారణం కాదు. రసాలు దూరప్రయాణానికి ఆగవన్నదీ ఒప్పుకుంటాం. అందుకే వాటిని దగ్గరి ఊళ్లలో నేరుగా అమ్మాలి, మిగిలినవి తాండ్రకు, పచ్చి కాయ ఆవకాయకు పోవాలి.

ఈ ఏడు తోట తీసేయక తప్పని రైతులు గొడ్డలి వేసే ముందు మాకొక మాట చెప్పండి. అంటుకొమ్మలు కోసుకోవడానికి మేమే వస్తాం.