కప్పు మీది మరక



తొలకరి పడేలోగా ప్రతి ఇంటి యజమానుడు ఒక్కసారి తలెత్తి తన ఇంటి కప్పును చూసుకోవాలి. 1980లలో పక్కా ఇళ్ల పథకాల కింద మన పల్లెల్లో వేసిన స్లాబులకు ఇప్పుడు దాదాపు 40 ఏళ్లు. వానలకు లోపలి వైపున మరక పడుతుంది. క్రిస్మస్‌కు దానిమీద సున్నం కొట్టిస్తాం. పండుగనాడు ఇల్లు తెల్లగా కళకళలాడుతుంది. మళ్లీ వానలు వచ్చేసరికి మరక అక్కడే, ఇంకాస్త పెద్దదై కనబడుతుంది. సున్నం మరకను దాచింది గాని, నీటిని ఆపలేదు.

లేవీయకాండము 14వ అధ్యాయము 33వ వచనం నుండి చదివితే, ఇంటి గోడల్లో పచ్చని, ఎర్రని చారలు కనబడినప్పుడు ఏమి చేయాలో దేవుడు ఇశ్రాయేలీయులకు వరుసగా నేర్పించాడు. యజమానుడు తానే వెళ్లి సంగతి యాజకునికి చెప్పాలి. ముందు ఇల్లు ఖాళీ చేయాలి. యాజకుడు చూసి, ఏడు దినములు ఇల్లు మూసి, మళ్లీ చూడాలి. చార వ్యాపిస్తే ఆ రాళ్లు ఊడదీసి, చుట్టూ గీకించి, వేరే రాళ్లు పెట్టి కొత్త అడుసు పూయించాలి. పైపైన పూత పూసి కప్పేయమని ఎక్కడా లేదు. మన స్లాబుకు కూడా ఇదే వరుస సరిపోతుంది.

మొదట ఇల్లు ఖాళీ చేయండి. మరక కింద మంచం వేసి పిల్లలను, ముసలివారిని పడుకోబెట్టవద్దు. స్లాబులో ఇనుప చువ్వలను కప్పివుండే కాంక్రీటు ముప్పాతిక అంగుళం కంటే ఎక్కువ ఉండదు. నీరు దిగితే చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక, లోపలి నుండి కాంక్రీటును నెట్టి పెచ్చులుగా ఊడదీస్తుంది. ఆ పెచ్చు రాయితో సమానం, నిద్రలో ఉన్నవారి తలమీద పడితే ప్రాణానికే ముప్పు. ఫ్యాను వేలాడే కొక్కెం దగ్గర చెమ్మ ఉంటే ఫ్యాను దించేయండి. వైర్ల పక్కన నీరు కారుతుంటే మెయిన్ ఆపి, పనివాడు చూసేదాకా ఆ గదిలో స్విచ్చి ముట్టవద్దు.

తర్వాత పరీక్షించండి. పచ్చగా, నల్లగా ఉంటే నాచు, బూజు. ఎర్రగా తుప్పు రంగు దిగితే చువ్వ దాకా నీరు చేరిందని గ్రహించండి. కర్రతో మెల్లగా తట్టండి. గట్టిగా మోగితే మంచిదే. గుల్లగా మోగిన మేర ప్లాస్టరింగు విడిపోయినట్టే.

ఇప్పుడు పైకెక్కి నీరు దిగే దారి వెదకండి. మరక ఉన్నచోటికి నేరుగా పైనే పగులు ఉండాలని లేదు. నీరు పగులులో దిగి, స్లాబులో అడ్డంగా ప్రయాణించి, వేరేచోట బయటపడుతుంది. ముందుగా చూడవలసినవి నాలుగు చోట్లు: పిట్టగోడ స్లాబును తాకే మూల, ఆకులతో పూడిపోయిన తూము, నీళ్ల ట్యాంకు అడుగుభాగం, డిష్ బిగించడానికి వేసిన రంధ్రాలు. రావి మొక్క మొలిచి ఉంటే వేరుతో సహా తీయించాలి. పైపైన తుంచితే మళ్లీ చిగురించి పగులును పెద్దది చేస్తుంది.

అప్పటికీ తెలియకపోతే, పెచ్చులు ఊడని స్లాబు మీద మాత్రమే, అనుమానమున్న చోట చుట్టూ బంకమట్టితో కట్ట వేసి ఒక అంగుళం నీరు నింపి ఒక పగలు, ఒక రాత్రి నిలబెట్టండి. కింద చెమ్మ దిగిందేమో చూడండి. ఇలా ఒక్కొక్క భాగమే చూస్తూ వస్తే దారి దొరుకుతుంది.

దొరికాక పగులును ఉలితో కాస్త వెడల్పు చేసి, దుమ్ము ఊడ్చి, తడిపి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు మంచి ఇసుక కలిపి నింపాలి. నీరు దిగకుండా కలిపే మందు పొట్లం మీద రాసిన కొలత ప్రకారమే వేయాలి. పిట్టగోడ మూల గుండ్రంగా వచ్చేట్టు సిమెంటు పట్టించాలి. వాలు తూము వైపుకే ఉండాలి. 100 అడుగుల పొడవుకు కనీసం ఒక అడుగు పల్లం కావాలి. మే నెల ఎండకు కొత్త సిమెంటు త్వరగా ఎండి మళ్లీ పగులుతుంది గనుక తడి గోనెసంచులు కప్పి ఏడు దినములు తడుపుతూ ఉండండి. పైన వేసే రబ్బరు పూత మాత్రం పూర్తిగా ఆరిన తర్వాతే, రెండు సార్లు వేయించాలి.

కొందరు కారినప్పుడల్లా పాత గచ్చు మీదే మరొక పొర సిమెంటు వేయిస్తారు. 100 చదరపు అడుగుల మీద ఒక అంగుళం మందం వేస్తే సుమారు అర టన్ను బరువు అదనంగా పడుతుంది. తుప్పు పట్టిన చువ్వలు ఆ బరువు మోయలేవు.

లోపలి వైపు పని చివర చేయాలి. గుల్లబారినదంతా రాల్చి, చువ్వలను ఇనుప బ్రష్షుతో రుద్ది, తుప్పు నిరోధించే పూత వేసి, ఆ తర్వాతే ప్లాస్టరింగు. చువ్వలు సన్నబడి ఉన్నా, స్లాబు కిందికి వంగినా మేస్త్రి మాట చాలదు. ఇంజనీరును పిలిచి చూపించండి. పడగొట్టడమే మేలని అతడు చెబితే వినండి. పోని చారకు ధర్మశాస్త్రం చెప్పినదీ అదే.

ద్వితీయోపదేశకాండము 22:8లో మిద్దెకు పిట్టగోడ లేక ఎవరైనా పడితే ఆ రక్తాపరాధం ఇంటివానిదని దేవుడు హెచ్చరించాడు. మిద్దె మీద నుండి పడినా, మిద్దె మీద పడినా ప్రాణం ఒక్కటే. ప్రసంగి 10:18 ఇల్లు కురియడాన్ని చేతుల బద్ధకంతో ముడిపెట్టింది. అయితే చేతిలో డబ్బు లేక, నిచ్చెన ఎక్కే బలం లేక కురుస్తున్న ఇళ్లు మన సంఘంలోనే ఉన్నాయి. ఆ విధవరాళ్లను బద్ధకస్తులనవద్దు. యౌవనస్థులారా, ఒక శనివారం చీపురు, పార పట్టుకొని వారి మిద్దె ఎక్కండి. తూములో ఆకులు తీయడానికి పైసా ఖర్చు లేదు. సంఘ పెద్దలారా, మందిరానికి రంగులు వేయించే ముందు ఆ కప్పుల సంగతి కూడా కమిటీలో మాట్లాడండి.

కుటుంబంలో మరకలు కూడా ఇలాంటివే. అన్నదమ్ముల మధ్య మాటలు లేకపోయినా పండుగ ఫొటోలో నవ్వి కప్పిపుచ్చుతాం. కారే చోటు వెదకి, విప్పి, బాగుచేసుకోవాలి. దానికి మొదటి అడుగు, ఆ యజమానుని వలె, మా ఇంట్లో ఏదో ఉన్నదని నోరు విప్పి చెప్పడం.

ఈ వానాకాలమంతా ప్రభువు మీ ఇంటిని, అందులో నిద్రించువారిని కాపాడును గాక. ఆమేన్.